తుపాకీ కూర్పులో నూరేళ్ల పాఠం
త్రీ నాట్ త్రీ నుంచి ఇన్సాస్ వరకు

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నాకు తెలిసిన విషయం గురించి రాయడమే న్యాయమనిపించింది. సర్వీసులో ఎక్కువ కాలం నేను జిల్లా సాయుధ రిజర్వులో ఆర్మరరుగా పనిచేశాను. స్టేషన్లు నడిపినవారి గురించి, బందోబస్తుల గురించి చాలామంది రాశారు. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో కూర్చుని నూనె గుడ్డతో తుపాకులు తుడిచినవారి గురించి రాసినవారు తక్కువ. అందుచేత మనలో ఎంతోమంది భుజాన మోసిన రైఫిల్ చరిత్రను, దాని భాగాలను ఎందుకు అలా ఎంచుకున్నారన్న కోణం నుంచి చెబుతాను. శాఖలో పనిచేయని మిత్రులకు, మన కుటుంబ సభ్యులకు కూడా అర్థమయ్యేలా చెప్పాలన్నది నా ప్రయత్నం.

రైఫిల్ అంటే ఒకే వస్తువు అనుకుంటాం. నిజానికి అది ఆరు నిర్ణయాల కూర్పు. ఏ తూటా వాడాలి? బ్యారెల్ పొడవెంత? తూటాను లోపలికి నెట్టి బిగించే బోల్టు ఎలా ఉండాలి? మేగజైన్‌లో ఎన్ని రౌండ్లు పట్టాలి? సైటు ఎంత దూరానికి అమర్చాలి? భుజానికి ఆన్చే బట్టు ఎలా ఉండాలి? ఇందులో ఒక్కటి తప్పినా మిగిలిన అయిదూ ఉండి ప్రయోజనం లేదు. ఈ నిర్ణయాలు చేసేవారు ఎక్కడో బల్ల ముందు కూర్చుంటారు. వాటి ఫలితం అనుభవించేవాడు వానలో గార్డు డ్యూటీలో ఉంటాడు. నూటయాభై ఏళ్ల చరిత్రలో నాకు కనిపించిన అసలు సంగతి ఇదే.

కొవ్వు పూసిన కాగితం

మన దేశంలో రైఫిల్ కథ 1857తో మొదలుపెట్టాలి. అంతకుముందు సిపాయిల చేతుల్లో ఉన్నవి నున్నటి గొట్టం తుపాకులు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉండేవి. గుండు తిరుగుతూ పోవడం వల్ల ఎక్కువ దూరం, నేరుగా వెళ్లేది. ఆయుధంగా అది మేలైనదే. చిక్కంతా తూటాతో వచ్చింది. మందు, గుండు కలిపి కాగితంలో చుట్టి, పైన కొవ్వు పూసేవారు. సిపాయి ఆ కాగితాన్ని పంటితో కొరికి, మందును గొట్టంలో పోయాలి. ఆ కొవ్వు ఆవుదీ, పందిదీ అన్న మాట దండుల్లో పాకింది. 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. తిరుగుబాటుకు ఇంకా ఎన్నో కారణాలున్నాయి గాని, నిప్పురవ్వ మాత్రం ఆ చిన్న భాగమే. వాడేవాడి చెయ్యి, నోరు, మనసు ఎరగకుండా వస్తువు తయారుచేస్తే ఏమవుతుందో దానితో తెలిసింది.

ఆ తరువాత ఇంగ్లీషువారు భారతీయ సిపాయిలకు గాడులు లేని నున్నటి గొట్టం తుపాకులే ఇచ్చారు. బ్రిటిష్ సైనికుడి చేతిలో కొత్తది ఉంటే మనవాడి చేతిలో దానికి ముందుది ఉండేది. స్నైడర్, మార్టినీ-హెన్రీ వచ్చినప్పుడూ ఇదే పద్ధతి. అపనమ్మకాన్ని కూడా రైఫిల్‌లో ఒక భాగంగా అమర్చారని చెప్పవచ్చు.

ఇషాపూర్, త్రీ నాట్ త్రీ

కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున, అదే బారక్‌పూర్‌కు కూతవేటు దూరంలో ఇషాపూర్ ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివరినాటికే అక్కడ తుపాకీమందు ఫ్యాక్టరీ ఉండేది. 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ పెట్టారు. మన తరం కానిస్టేబుళ్లు మోసిన రైఫిళ్ల మీద కనిపించే ముద్రల్లో ఆ ఊరి పేరు ముఖ్యమైనది.

త్రీ నాట్ త్రీ అంటే గొట్టం లోపలి వ్యాసం .303 అంగుళం అని అర్థం. బోల్టు, మేగజైన్ రూపకల్పన జేమ్స్ పారిస్ లీ అనే ఆయనది. స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసినవాడు. 1888లో వచ్చిన మొదటి రైఫిల్‌లో గొట్టం గాడులు మెట్‌ఫోర్డ్ అనే ఇంజనీరు పద్ధతివి. అవి లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్లమందుకు బాగా సరిపోయాయి. తరువాత కార్డైట్ అనే పొగ తక్కువ మందు వచ్చింది. దాని వేడికి ఆ గాడులు త్వరగా అరిగిపోయాయి. అందుకని 1895లో ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ వారి లోతైన గాడులు పెట్టారు. లీ-ఎన్‌ఫీల్డ్ అన్న పేరు అలా వచ్చింది. తూటా మారితే గొట్టం కూడా మారాలి. ఏ భాగమూ ఒంటరిది కాదని ఆర్మరరుకు మొదట తెలిసే పాఠం ఇది.

బోయర్ యుద్ధం అనుభవంతో పదాతిదళానికి పొడవు రైఫిల్, ఆశ్వికదళానికి పొట్టి కార్బైన్ అన్న తేడా మానేసి, 25 అంగుళాల బ్యారెల్‌తో అందరికీ ఒకటే రైఫిల్ చేశారు. 1907లో వచ్చిన మార్క్ 3 నమూనాయే మనకు బాగా పరిచయం. దీని బోల్టు వెనకభాగంలో బిగుస్తుంది. జర్మనుల మౌజర్‌లో ముందుభాగంలో బిగుస్తుంది. బిగువు చూస్తే మౌజర్‌దే మేలు. కాని లీ బోల్టు తక్కువ తిప్పితే చాలు, త్వరగా ఆడుతుంది. మేగజైన్‌లో మౌజర్‌కు అయిదు రౌండ్లయితే దీనికి పది. తర్ఫీదు పొందిన సైనికుడు నిమిషానికి పదిహేను రౌండ్లు గురి చూసి కాల్చగలిగేవాడు. కాగితం మీద గట్టిదనం కంటే చేతిలో వేగం మేలని ఎంచుకున్నారు. 1914లో ఫ్రాన్సుకు వెళ్లిన మన భారతీయ దళాలు ఈ ఎంపిక విలువను బురద కందకాల్లో చూశాయి.

లోపం కూడా లేకపోలేదు. .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. మేగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే ఇరుక్కుంటుంది. అందుకే నింపేటప్పుడు అంత జాగ్రత్త చెప్పేవారు. బోల్టు మీద నంబరు, రైఫిల్ మీద నంబరు ఒకటే ఉండాలి. ఒకదాని బోల్టు మరొకదానికి వేస్తే తూటా వెనక సందు మారిపోతుంది. తనిఖీలో నేను మొదట చూసేది మెరుపు కాదు, ఆ నంబర్లే.

తీసేయడం కూడా ఎంపికే

మొదటి ప్రపంచయుద్ధంలో లక్షల రైఫిళ్లు కావలసివచ్చాయి. 1916లో మార్క్ 3 నుంచి కొన్ని భాగాలు తీసేశారు. మేగజైన్‌ను మూసి ఒక్కో రౌండే వేసుకునే పలక, చాలా దూరానికి గుంపుగా కాల్చే పక్క సైటు, గాలికి సర్దుకునే మర పోయాయి. సైనికుడికి ఏ నష్టమూ కలగలేదు. పని తేలికయింది. అవసరమని పెద్దలు అనుకున్నవి కొన్ని అలంకారాలేనని యుద్ధం తేల్చింది.

ఇషాపూర్ వారు మన వాతావరణానికి తగిన మార్పులు కూడా చేశారు. కర్ర ఎండకు ఎండి, వానకు ఉబ్బి చీలిపోకుండా ముందుభాగంలో అడ్డంగా ఒక మర బిగించారు. గ్రెనేడు విసిరే రైఫిళ్లకు గొట్టం చుట్టూ రాగితీగ చుట్టారు. చూడ్డానికి నాటుగా ఉంటుంది, కాని పగలదు.

జైళ్లకు, పోలీసులకు .410 మస్కెట్ ఇచ్చారు. త్రీ నాట్ త్రీనే తీసుకుని, గొట్టం నున్నగా తొలిచి, మేగజైన్‌లో కర్రదిమ్మ పెట్టి, ఒక్కో తూటా వేసేలా మార్చారు. జనం ముందు నిలబడేవాడికి వెయ్యి గజాలు పోయే గుండు అవసరం లేదన్న ఆలోచన అందులో ఉంది. నమ్మని చేతికి తక్కువ ఆయుధం ఇవ్వాలన్న పాత పద్ధతి కూడా ఉంది. ఫోర్ టెన్ మస్కెట్‌తో ట్రెజరీ గార్డు చేసినవారు మనలో ఉన్నారు.

మామూలు పౌరుల సంగతి వేరు. సైన్యం వాడే తూటాతో రైఫిల్ పౌరులకు నిషిద్ధం. అందుకే లైసెన్సుదారుల కోసం ఇషాపూర్‌లో అదే లీ-ఎన్‌ఫీల్డ్ ఒరవడిలో .315 బోరు రైఫిల్ చేశారు. ఇక్కడ తూటాను యుద్ధం కాదు, చట్టం ఎంపిక చేసింది. రిటైరయ్యాక బ్యాంకుల దగ్గర గార్డుగా కుదిరిన మన మిత్రుల చేతిలో 12 బోరు తుపాకీ ఉండడానికి కూడా మూలం ఇలాంటి ఆలోచనే.

1962 తరువాత

1962 అక్టోబరు, నవంబరు నెలల్లో చైనాతో యుద్ధం జరిగింది. మనవాళ్లు ప్రతి రౌండుకూ బోల్టు లాగే త్రీ నాట్ త్రీతో కొండలెక్కారు. అవతలివారి దగ్గర తమంతట తాము తూటా ఎక్కించుకునే కార్బైన్లు, ఆటోమేటిక్ రైఫిళ్లు ఉన్నాయి. ఓటమికి చలిబట్టలు, దారులు, సరఫరా, నాయకత్వం అన్నీ కారణాలే. కాని చేతిలో ఉన్న ఆయుధం కాలం చెల్లిందన్న సంగతి అక్కడ ప్రాణాల ఖరీదుతో తెలిసింది.

అప్పుడు రెండు పనులు చేశారు. బెల్జియం వారి ఎఫ్.ఎన్. ఫాల్ ఒరవడిలో 7.62 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. ఇషాపూర్‌లో తయారైంది. మేగజైన్ ఇరవై రౌండ్లు. గుండును నెట్టే వాయువులో కొంత భాగమే బోల్టును వెనక్కి నెడుతుంది. దుమ్ము పట్టి బోల్టు బద్ధకిస్తే వాయువు పెంచుకోవడానికి రెగ్యులేటరు ఉంది. బరువు నాలుగు కిలోలకు పైనే. 1966లో తిరుచిరాపల్లిలో మరో ఫ్యాక్టరీ వచ్చింది.

రెండోది 2ఏ రైఫిల్. అందరికీ ఒకేసారి ఎస్.ఎల్.ఆర్. ఇవ్వడం సాధ్యం కాదు. కాబట్టి పాత త్రీ నాట్ త్రీ రూపంలోనే 7.62 తూటాకు సరిపడే కొత్త రైఫిల్ చేశారు. ఎక్కువ ఒత్తిడి తట్టుకునేలా ఉక్కు మార్చారు. అంచులేని తూటాను లాగే ఎక్స్‌ట్రాక్టరు మార్చారు. పన్నెండు రౌండ్ల చదరపు మేగజైన్ పెట్టారు. బట్టు ప్లేటు ఎస్.ఎల్.ఆర్. తరహాది. తరువాతి 2ఏ1 నమూనాలో సైటును 2000 నుంచి 800 మీటర్లకు తగ్గించారు. రెండు కిలోమీటర్ల దూరాన మనిషిని గురి చూసే కన్ను ఎవరికుంది? ఆ తగ్గింపులోనే తెలివి ఉంది. ఉన్న యంత్రాలు, ఉన్న నేర్పు, కొత్త తూటా కలిపి తెచ్చిన ఈ రైఫిల్‌ను నేను మన కార్మికుల మంచి పనుల్లో ఒకటిగా లెక్కిస్తాను. చూపుకు త్రీ నాట్ త్రీలాగే ఉంటుంది కనుక రెండింటి మందుగుండు కలవకుండా వేర్వేరు పెట్టెల్లో, వేర్వేరు రిజిస్టర్లలో ఉంచడం మా పనిలో ముఖ్యమైన జాగ్రత్త.

మంచి భాగాలన్నీ ఒకచోట

1980 దశకంలో పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఇన్సాస్ రైఫిల్ రూపొందించింది. మా భాషలో చెప్పాలంటే ఇది పెళ్లిభోజనం లాంటిది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వంటకం. పిస్టను, తిరిగే బోల్టు రష్యా ఏ.కె. తరహా. వాయువు రెగ్యులేటరు ఫాల్ తరహా. ఎడమపక్క లాగే పిడి జర్మను రైఫిల్ తరహా. మూడేసి రౌండ్లు వదిలే ఏర్పాటు కూడా చేశారు. తూటా 5.56 మి.మీ. 7.62 తూటా దాదాపు 24 గ్రాములైతే ఇది 12 గ్రాములే. అదే బరువుకు రెట్టింపు రౌండ్లు మోయవచ్చు.

ఆలోచన తప్పు కాదు. కాని 1999లో కార్గిల్ కొండల చలికి ప్లాస్టిక్ మేగజైన్లు పగిలాయని, రైఫిళ్లు ఆగిపోయాయని ఫిర్యాదులు వచ్చాయి. లోపల రౌండ్లు కనిపించాలని పారదర్శకంగా చేసిన మేగజైన్ అది. ఎండలో బల్ల మీద చూస్తే ముచ్చటైన ఆలోచనే. మంచులో చూస్తే అదే బలహీనత. బోల్టు, గొట్టం ఎంత మంచివైనా తూటా అందించేది మేగజైనే. దాని పెదవి కాస్త వంగినా, స్ప్రింగు కాస్త సడలినా రైఫిల్ కర్రతో సమానం. వార్షిక ఫైరింగ్‌లో ఆగిపోయిన రైఫిల్ నా ముందుకు వస్తే ముందు మేగజైన్ మార్చి చూసేవాణ్ణి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉండేది.

మన రాష్ట్రంలో 1989లో గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. అలాంటి దళాలకు మంచి ఆయుధాలు ముందు అందాయి. మూలనున్న స్టేషన్‌లో రాత్రి సెంట్రీకి మాత్రం చాలాకాలం త్రీ నాట్ త్రీయే దిక్కు. బోల్టు లాగి మళ్లీ గురి చూసేలోగా అవతలివాడు ఎన్ని రౌండ్లు కాల్చగలడో ఆ సెంట్రీకీ, ఇంట్లో ఎదురుచూసే అతని భార్యకూ తెలుసు. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవం నాడు.

తరువాత

2019లో అమేఠీ జిల్లా కోర్వాలో రష్యా భాగస్వామ్యంతో ఏ.కె.-203 తయారీకి ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2021 డిసెంబరులో ఆరు లక్షలకు పైగా రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. అదే ఏడాది అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలు చేశారు. ఇషాపూర్, తిరుచిరాపల్లి ఒక కంపెనీలోకి, మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ మరో కంపెనీలోకి వెళ్లాయి.

ఈ చరిత్రంతా చూశాక నాకు తోచిన మాట ఒకటే. పనికొచ్చే రైఫిల్ అంటే మేలైన భాగాల పోగు కాదు. ఒకదానికొకటి సరిపడే భాగాల కూర్పు. అది బాగా తిని నిద్రపోయిన నిపుణుడి చేతికి కాక, అలిసిపోయి, చలికి వేళ్లు కొంకర్లు పోయిన జవాను చేతికి లొంగాలి. కొనేవారు, చేసేవారు, పరీక్షించేవారు ఆ జవానును పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే సగం పొరపాట్లు తప్పుతాయి. 1857లో అడగలేదు. 1999 నాటికైనా బాగా అడిగి ఉండవలసింది.

సంఘ సభ్యులలో ఆర్మరర్లుగా, క్వార్టర్ మాస్టర్ స్టోర్సులో, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవారు ఇంకా ఉన్నారు. ఏ రైఫిల్ ఎప్పుడు వచ్చింది, ఎక్కడ మొరాయించింది, దాన్ని ఎలా దారిలో పెట్టారు అన్నవి వారికి తెలిసినంతగా ఏ రిజిస్టరులోనూ ఉండవు. వారు నాలుగు ముక్కలు రాసి పంపితే, రాయలేనివారు పిల్లల చేత రాయిస్తే, రాబోయే సంచికలకు విలువైన సరుకు అవుతుంది.