అభిఘాత బలము

ఎత్తునుండి పడు వస్తువు నేలను దాఁకి నిలుచునప్పుడు కలుగఁజేయు సగటు బలమే అభిఘాత బలము. పతనమున వస్తువు గడించిన గతిజశక్తిని అది ఆఁగుటకుఁ బట్టిన దూరముచే భాగించి, వస్తుభారమును గలిపిన నీ బలము తేలును. 10 మీటర్ల ఎత్తునుండి రాలిన కిలోగ్రాము టెంకాయ 1 సెంటీమీటరులో ఆఁగినచో బలము సుమారు 9,800 న్యూటన్లు. మెత్తని మట్టిలో 10 సెంటీమీటర్లు దిగఁబడినచో సుమారు 990 మాత్రమే.

2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన ఇస్రోవారి చంద్రయాన్-3 ల్యాండరు ‘విక్రమ్’ కాళ్ళు, సెకనుకు 3 మీటర్ల నిలువు వేగమును సహించునట్లు రూపొందింపఁబడినవి. చంద్రునిపై సుమారు 2.8 మీటర్లు, భూమిపై 46 సెంటీమీటర్లు స్వేచ్ఛగాఁ బడిన వస్తువున కబ్బు వేగ మిదియే. తాఁకిడివేళ కాళ్ళలోని లోహభాగము నలిగి, ఆఁగుదూరమును బెంచి, యంత్రములను గాపాడును.