అటవీ చట్టం నుంచి వాల్టా దాకా: నూట ఇరవై ఏళ్ల ప్రయాణం

ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002లో అమల్లోకి వచ్చింది. జనం నోట అది ‘వాల్టా’. పొలంలో బోరు వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా, వాగులో ఇసుక ఎత్తాలన్నా ఈ చట్టం అడ్డు వస్తుంది. నీటిని, నేలను, చెట్టును ఒకే చట్టం కిందికి తేవడం అంతకుముందు తెలుగు నేల మీద జరగలేదు. ఆ మూడింటికీ వేర్వేరు చట్టాలు, వేర్వేరు శాఖలు ఉండేవి. అలా ఎందుకు విడిపోయాయో, మళ్లీ ఎందుకు కలపాల్సి వచ్చిందో తెలియాలంటే 1882కు వెళ్లాలి.

ఆ ఏడాది మద్రాసు రాజధానిలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి మద్రాసు అటవీ చట్టం. అడవులను రిజర్వు చేసి సర్కారు చేతిలో పెట్టిందది. పశువుల మేత, వంటచెరకు, పోడు సేద్యం అప్పటిదాకా ఊరివాళ్ల వాడుకలు. ఇక మీదట అవి సర్కారు దయతలిస్తే దొరికేవయ్యాయి. రెండోది ఈజ్‌మెంట్ల చట్టం. తన భూమి కింద ఊరే నీటిని ఆ భూయజమాని తోడుకోవచ్చని అది గుర్తించింది. అడవి సర్కారుదైంది, భూగర్భ జలం పట్టాదారుదైంది. రెండింటిలోనూ ఊరు అనే మాటకు చోటు లేకుండా పోయింది.

అటవీ చట్టం దెబ్బ జనానికి వెంటనే తగిలింది. అడవిలో మేసే పశువులకు కట్టాల్సిన పన్ను ‘పుల్లరి’. పల్నాడు రైతులు 1921లో దాన్ని కట్టబోమని ఎదురుతిరిగారు. ఆ సత్యాగ్రహాన్ని నడిపిన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. అదే ఏడాది అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడింది. పోడు మీద ఆంక్షలు, వెట్టి చాకిరీతో వేసిన రోడ్లు ఆ తిరుగుబాటుకు ముఖ్య కారణాలు. నిజాం రాజ్యంలోనూ అడవి ఆంక్షలే గోండులను పోరుబాట పట్టించాయి. 1940లో జోడేఘాట్ దగ్గర వారి నాయకుడు కొమరం భీం నేలకొరిగాడు.

నేల కింది నీటి చట్టం మాత్రం చాలాకాలం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. నీళ్లు తోడేది మోటతో. రోజంతా ఎద్దులు లాగినా బావిలో ఊట తిరిగి ఊరేది. చెరువులకు ఊరి కట్టుబాటు కాపలా ఉండేది. తూము ఎత్తి వంతుల ప్రకారం మడులకు నీరు పారించడం నీరటి పని. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించేవారికి దశబంధం ఇనాముల కింద భూములు దక్కేవి. 1865 నాటి మద్రాసు నీటిపన్ను చట్టం తర్వాత సర్కారు దృష్టి పన్ను వసూలు మీదికి మళ్లింది. ఊరి కట్టుబాటు సడలుతూ వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల అటవీ చట్టాలను కలిపి 1967లో రాష్ట్ర అటవీ చట్టం చేశారు. సర్కారు పెత్తనం మాత్రం అలాగే ఉంది. నీటి విషయంలో పరిస్థితి తలకిందులైంది. కరెంటు మోటార్లు, వాటి వెంట బోరు రిగ్గులు వచ్చాయి. తెలంగాణ, రాయలసీమల్లో నేల కింద ఎక్కువగా గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న మెత్తబడ్డ పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ. పక్క చేలో లోతైన బోరు పడితే ఆ పొర ఖాళీ అయి పాత బావి ఎండుతుంది. బావి రైతు అప్పుచేసి తనూ బోరు వేస్తాడు. నీళ్లు పడకపోతే ఇంకోటి. 1882 నాటి హక్కు అందరికీ సమానమే. నీళ్లు మాత్రం ఎవరి బోరు లోతైతే వారివి.

1990ల్లో శాసనసభ ఆలోచన మారింది. 1996లో తాగునీటి కోసం భూగర్భ జల నియంత్రణ చట్టం వచ్చింది. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగించే చట్టం చేశారు. దాని కింద ఎన్నికలు జరిగి పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. అడవుల్లో అప్పటికే వన సంరక్షణ సమితులు పనిచేస్తున్నాయి. వాల్టా ఈ వరుసలో పుట్టింది. 1996 చట్టం అందులో కలిసిపోయింది.

వాల్టాలో ముఖ్యమైన కట్టడులు ఇవి. బావులన్నిటినీ నమోదు చేయాలి. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి తవ్వకూడదు. తాగునీటి చేతిపంపుకు మాత్రం మినహాయింపు ఉంది. నీటిని మితిమీరి తోడేసిన ప్రాంతాలను ప్రకటించి అక్కడ కొత్త బోర్లను కట్టడి చేయవచ్చు. రిగ్గు యజమాని తన యంత్రాన్ని రిజిస్టరు చేయించాలి. చిన్న వాగుల్లో ఇసుక చుట్టుపక్కల ఊళ్ల అవసరాలకే పరిమితం, ఎందుకంటే వాననీటిని పట్టి నేలలోకి దించేది ఆ ఇసుకే. చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, బదులుగా మొక్కలు నాటాలి. వీటి అమలుకు రాష్ట్ర, జిల్లా, మండల స్థాయుల్లో అథారిటీలు పెట్టారు. జిల్లాలో కలెక్టరు, మండలంలో తహసీల్దారు బాధ్యులు.

చట్టం మంచిదే. దాన్ని నిలబెట్టే బలం మాత్రం చాల్లేదు. వందల పనులున్న మండల కార్యాలయం ప్రతి పొలంలో దిగే రిగ్గునూ చూడలేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది పెద్ద ఊరట. కానీ నీటిని పొదుపుగా తోడాల్సిన అవసరం దానితో ఇంకా తగ్గింది. పంట చేతికందాల్సిన వేళ బోరు ఎండుతున్న రైతును జరిమానా భయం ఆపలేకపోయింది.

అదే కాలంలో ఏడు కరువు జిల్లాల్లో మరో ప్రయత్నం జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన ఆ పథకంలో రైతులే భూగర్భ జలాన్ని కొలిచారు. ఊళ్లో వానమాపకం పెట్టి ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాసుకున్నారు. ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం ఎంత లోతున ఉందో కొలిచి, ఆ అంకెలను ఊరందరికీ కనిపించే బోర్డు మీద ఎక్కించారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క తేల్చారు. ఎవరి మీదా ఒత్తిడి లేదు. లెక్క కళ్లెదుట ఉండటంతో చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలు వేశారు.

2014లో రాష్ట్రం రెండయ్యాక వాల్టా రెండు చోట్లా కొనసాగింది. తెలంగాణ దాన్ని తన చట్టంగా స్వీకరించింది. భూమి కింది నీరు పట్టాదారు ఒక్కడిది కాదు, ఊరందరి ఉమ్మడి సొత్తు అనే భావనకు వాల్టా చట్టబద్ధమైన తొలి రూపం ఇచ్చింది. అది దాని గొప్పతనం. కాపలా పనిని మాత్రం మళ్లీ కార్యాలయానికే అప్పగించింది. ఏ ఊరి నీటిని ఆ ఊరు కొలుచుకుని, ఆ లెక్క ప్రకారం నడుచుకునే అధికారం గ్రామసభకు చట్టంలోనే దక్కాలి. 1882లో ఊరి చేయి దాటిపోయిన బాధ్యత తిరిగి ఊరికి చేరడానికి మిగిలిన సవరణ అదే.