సుబేదారు కచేరీ పొరుగున తెలుగు పుస్తకం

ఇవాళ హనుమకొండలో సుబేదారి అంటే ఆర్ట్స్ కాలేజీ, కలెక్టరేటు, కోచింగు సెంటర్లకు పరుగెత్తే పిల్లలు. నిజాం ఏలుబడిలో రాజ్యానికి నాలుగు సుబాలుంటే వరంగల్ అందులో ఒకటి. సుబేదారు కొలువు ఇక్కడ ఉండబట్టే పేటకు ఆ పేరొచ్చింది. కచేరీలో కాగితం ఉర్దూలో నడిచేది, పై చదువూ ఉర్దూలోనే. మరి తెలుగులో కొత్త పుస్తకం వచ్చిందన్న కబురు ఎవరి ద్వారా తెలియాలి? చదివాక బాగోగులు మాట్లాడుకోవడానికి నలుగురు ఎక్కడ కూడాలి?

ఆ చోటు 1904లో హనుమకొండలోనే ఏర్పడింది, రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పేరుతో. మూడేళ్ల ముందు హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి ఇది తమ్ముడు. పేరే కొంచెం వింత. గణపతిదేవుడు, రుద్రమ ఏలిన గడ్డ మీద గ్రంథాలయానికి రాజమహేంద్రవరం రాజు పేరు! నన్నయ చేత భారతం రాయించినవాడు కదా. ఏలినవాడి కంటె రాయించినవాడే వాళ్లకు ముఖ్యమయ్యాడని నాకనిపిస్తుంది.

చదవడానికి చోటు దొరికింది సరే, అచ్చుకో? 1922లో ఇనుగుర్తి పల్లె నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ పత్రిక తెచ్చారు. అప్పటికది వరంగల్ జిల్లా ఊరు. నగరంలో పత్రిక పెట్టడమే కష్టమైన రోజుల్లో ఊళ్లో అచ్చుయంత్రం పెట్టుకుని నడిపారు. సీతారామచంద్రరావు ‘రుద్రమదేవి’ నవల కూడా రాశారు. రాసేదీ, అచ్చేసేదీ, పంపేదీ ఒకే ఇల్లు.

ఇంత జరిగినా ఇక్కడ తెలుగు రాసేవాళ్లు లేరన్న మాట పోలేదు. తెలుగు సాహిత్యంలో విమర్శకు పుస్తకంతో జవాబు చెప్పిన ఘట్టాల్లో నాకు అన్నిటికంటె నచ్చింది 1934 నాటిది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకాయన రాశారు. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు, కవుల వివరాలు తెప్పించి 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. కవిత్వంగా చూస్తే అందులో ఎత్తుపల్లాలు చాలానే ఉన్నాయి, అన్నీ దాచుకోవాల్సిన పద్యాలేం కావు. అయితే పూజ్యమన్నవాడికి చెప్పాల్సింది లెక్క. ఆ లెక్క ముందు మరో మాటకు తావు లేకపోయింది.

నిజాం పాలన పోయాక వరంగల్‌లో మాటకు ధైర్యం వచ్చింది. పాములపర్తి సదాశివరావు, పి.వి.నరసింహారావు కలిసి ‘కాకతీయ పత్రిక’ నడిపారు. కవి కాళోజీ నారాయణరావు కవితల పుస్తకం ‘నా గొడవ’ 1953లో వచ్చింది. ఆయన ఉర్దూలో చదువుకున్నవాడు, అన్న రామేశ్వరరావు ఉర్దూ కవి. తెలుగు పుస్తకం గురించి ఆ ఇంట్లో మాట రెండు భాషల్లో సాగి ఉంటుంది. కాళోజీ పాల్గొన్న మిత్రమండలి కూటములలో రాసినవాడు తన రచన తనే చదవాలి, మొహమాటం లేని మాట ఎదురుగానే వినాలి. పత్రికల్లో అచ్చయ్యే సమీక్షలో దొరకని మేలు అది. అచ్చయ్యాక తప్పు పడితే రచయిత కోపం తెచ్చుకోవడం తప్ప చేయగలిగిందేముంది?

1966లో వరంగల్‌లో సాహితీమిత్రులు అనే బృందం ‘సృజన’ సాహిత్య పత్రిక మొదలుపెట్టింది. వారిలో ఒకరైన కవి వరవరరావు అప్పట్లో కాలేజీ అధ్యాపకుడు. ఆయన జైలుకు వెళ్లిన రోజుల్లో భార్య హేమలత సంపాదకురాలిగా సంచికలు ఆగలేదు. ‘సృజన’ విప్లవ రాజకీయాలతో పేచీ ఉన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ 1992 దాకా ఈ ఊరు ఏ పుస్తకం మీద ఏమనుకుందో తెలుసుకోవాలంటే, వాళ్లు కూడా ఆ పాత సంచికలే తిరగేయాలి.