ఎనిమిది వందల డాలర్ల దావా

నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. చేరిన కొత్తలో లెడ్జర్లు చేత్తోనే రాసేవాళ్ళం. సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చినా, అది దొరికేదాకా మా హెడ్ క్యాషియర్ గారు ఎవరినీ ఇంటికి పోనిచ్చేవారు కాదు. "నా జేబులోంచి వేసేస్తాను సార్" అన్నానొకసారి. "నాకు కావలసింది రూపాయి కాదు నాయనా, ఎక్కడ తప్పిందో అది" అన్నారాయన. అమెరికాలో ఒక ఖైదీ వేసిన దావా గురించి చదివినప్పుడు నాకా మాటే గుర్తొచ్చింది.

లూసియానా రాష్ట్రంలో అంగోలా అనే చోట పెద్ద జైలుంది. 1983 అక్టోబరు 30 తెల్లవారుజామున కీత్ హడ్సన్ అనే ఖైదీకీ, అక్కడి అధికారి ఒకరికీ మాటా మాటా పెరిగింది. చేతులకు బేడీలు, కాళ్ళకు సంకెళ్ళు వేసి అతణ్ణి వేరే గదుల వైపు నడిపిస్తూ, దారిలో ఇద్దరు అధికారులు కొట్టారు. ఒకతను వెనకనుంచి పట్టుకొని తన్నాడు; రెండో అతను మూతి మీద, పొట్టలో గుద్దాడు. పై అధికారి చూస్తూ నిలబడి, మరీ సరదా పడిపోకండని మాత్రం అన్నాడు. హడ్సన్ మొహం వాచింది. పళ్ళు కదిలాయి. కట్టుడు పళ్ళ సెట్టు పగిలింది.

అతను ముగ్గురి మీదా దావా వేశాడు. ప్రభుత్వాధికారం చేతిలో ఉన్నవాడు రాజ్యాంగ హక్కులను కాలరాస్తే, అతని మీదే దావా వేయవచ్చునని 1871 నాటి చట్టం చెబుతుంది. బానిసత్వం పోయాక దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారిని హింసిస్తున్న క్లూ క్లక్స్ క్లాన్‌ను అణచడానికి చేసిన చట్టమది. ఖైదీ కూడా దాని కింద కోర్టుకు రావచ్చునని 1964లో కూపర్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

కింది కోర్టు హడ్సన్‌కు 800 డాలర్లు ఇప్పించింది. అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. కొట్టిన మాట నిజమే, అవసరం లేకుండానే కొట్టారు; కాని వైద్యం అక్కరలేనంత చిన్న గాయాలు కదా అన్నది.

1992 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు ఆ మాటను తోసిపుచ్చింది. ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. తీర్పు రాసినవారు సాండ్రా డే ఒకానర్. బాధ పెట్టాలనే కొడితే, గాయం పెద్దది కాకపోయినా అది రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్షే అన్నారామె. ప్రతి తోపులాటా కోర్టుకెక్కదనీ అన్నారు. థామస్, స్కాలియా ఒప్పుకోలేదు. గాయం తీవ్రంగా ఉంటే తప్ప అది రాజ్యాంగం దాకా రాదన్నారు. 2010లో విల్కిన్స్ కేసులో కోర్టు ఒకానర్ మాటనే మళ్ళీ నిలబెట్టింది. అయితే 1996 నాటి చట్టం ఒకటి దారి ఇరుకు చేసింది. జైలు లోపలి ఫిర్యాదు మార్గాలన్నీ ముగించుకుని వస్తేగాని ఖైదీ దావా నిలవదు.

800 డాలర్లతో ఎవరి బతుకూ మారదు. ఆ మొత్తం కోసం దేశపు పెద్ద కోర్టు దాకా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కట్టేసి ఉన్న మనిషిని కొట్టడం ఎక్కడ తప్పయిందో ఒక పుస్తకంలో రాసి ఉండాలి కదా! మా హెడ్ క్యాషియర్ గారైతే ఆ లెక్క తేలేదాకా లేచేవారు కాదు.