డబ్బా దండయాత్ర

చరిత్ర పుస్తకాలు తిరగేస్తే రాజులు కనిపిస్తారు, కత్తులు కనిపిస్తాయి, ఫిరంగులు కనిపిస్తాయి. గిన్నెలూ, చెంబులూ, డబ్బాలూ మాత్రం ఎక్కడా కనిపించవు. అవి ఆడవాళ్ళ సామాను కదా, వాటికి చరిత్రకెక్కే యోగ్యత ఎక్కడిదని కాబోలు! కానీ రెండో ప్రపంచ యుద్ధంలో మహామహా సేనాధిపతుల్ని ఒక డబ్బా మూడు చెరువుల నీళ్ళు తాగించిందంటే నమ్ముతారా? కారులో దూరప్రయాణం పెట్టుకుని, దారిలో అవసరపడుతుందని విడిగా పెట్రోలు వెంట తీసుకెళ్ళే ప్రతి కుటుంబమూ ఆ కథ తెలుసుకోవాలి.

పాతకాలపు కిరసనాయిలు డబ్బా గుర్తుందా? నాలుగు గాలన్లది, అంటే సుమారు 18 లీటర్లది. పల్చటి రేకు, నలుచదరపు ఆకారం. కిరసనాయిలు అయిపోయాక పైభాగం కోసేసి అడ్డంగా ఓ కర్ర బిగిస్తే నీళ్ళ డబ్బా అయ్యేది. శుభ్రంగా కడిగి ఎండబెడితే ధాన్యం డబ్బా అయ్యేది. సరిగ్గా అలాంటి డబ్బాల్లోనే బ్రిటిష్ సైన్యం ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పెట్రోలు మోసింది. చవకగా వస్తాయి, ఖాళీ అయితే పారేయొచ్చు - ఇదీ పైవాళ్ళ లెక్క. సైనికులు మాత్రం వాటికి 'ఫ్లిమ్సీ' అని పేరు పెట్టుకున్నారు. పల్చనిది, నమ్మరానిది అని అర్థం.

ఎడారిలో రోడ్డెక్కడిది? రాళ్ళ మీద లారీ ఎగిరెగిరి పడుతుంటే డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుని అతుకులు విడిపోయేవి. లారీ నిండా పెట్రోలు కారేది. ఆవిరి కమ్ముకున్న ఆ లారీలో ఒక్క నిప్పురవ్వ పడితే ఇక చెప్పాలా? బయల్దేరిన పెట్రోలులో గమ్యం చేరేలోగా నూటికి 30 వంతులు నష్టమవుతోందని అక్కడి సేనాపతి జనరల్ ఆకిన్‌లెక్ అంచనా కట్టాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పొయ్యిగా మాత్రం ఆ డబ్బా బ్రహ్మాండంగా పనికొచ్చింది. సగానికి కోసి, ఇసుక నింపి, పెట్రోలు పోసి అంటించి సైనికులు టీ కాచుకునేవారు!

అవతల జర్మనుల దగ్గర ఇలాంటి అవస్థ లేదు. 1937లోనే వాళ్ళు ఒక డబ్బా తయారు చేయించి, రహస్యంగా వేలకు వేలు దాచిపెట్టుకున్నారు. ష్వెల్మ్ అనే ఊళ్ళోని ముల్లర్ కంపెనీ దాన్ని రూపొందించింది. గ్రూన్‌ఫోగెల్ అనే ఇంజనీరు దాని రూపకర్త. పట్టేది 20 లీటర్లు. ఉక్కు రేకును రెండు దోనెల్లా ఒత్తి, వాటి అంచులు కలిపి వెల్డింగు చేశారు. అతుకు లోపలికి వాలి ఉంటుంది కనక దెబ్బ తగలదు. పైన ఒకటికి మూడు పిడులు! నిండు డబ్బాను ఒకరైనా మోయొచ్చు, ఇద్దరు చెరోవైపూ పట్టుకోనూవచ్చు. ఖాళీవైతే ఒక్కో చేత్తో రెండేసి తీసుకుపోవచ్చు. పక్కల ఉన్న గుణకారం గుర్తులాంటి గాడి అందానికి కాదు, రేకుకు బలం కోసం. మూత డబ్బాకే అతికి ఉంటుంది, పారేసుకుందామన్నా పోదు. మీట నొక్కితే బిగుస్తుంది, ఎత్తితే తెరుచుకుంటుంది. లోపలికి గాలి పోవడానికి చిన్న గొట్టం ఉంది కనక గుడగుడమని చిందదు. పైభాగంలో కాస్త గాలికి చోటుంచారు కనక నిండు డబ్బా కూడా నీళ్ళమీద తేలుతుంది.

ఈ రహస్యం బయటపడటంలో మన దేశానికీ కాస్త పాత్ర ఉంది. 1939లో బెర్లిన్‌లో పనిచేస్తున్న పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు, ఒక జర్మన్ స్నేహితుడితో కలిసి కారులో ఇండియాకు బయల్దేరాడు. మంచినీళ్ళకు పాత్రల్లేవని చివరి నిమిషంలో గుర్తొచ్చింది. స్నేహితుడు సైన్యం దాచిన డబ్బాలు మూడు తెచ్చి కారుకు బిగించాడు. పదకొండు సరిహద్దులు దాటి మన దేశంలోకి వచ్చాక, ఆ జర్మన్ ఇంజనీరు కోసం గోరింగ్ ఏకంగా విమానమే పంపి వెనక్కి పిలిపించుకున్నాడని చెబుతారు. వెళ్తూ వెళ్తూ ఆయన డబ్బా తయారీ వివరాలన్నీ ప్లైస్‌కు చెప్పాడు. ప్లైస్ కలకత్తాదాకా వెళ్ళి, కారు అక్కడ వదిలి, స్వదేశం చేరాడు. 1940 వేసవిలో కారుతోపాటు ఆ డబ్బాలు న్యూయార్కు చేరాయి.

అమెరికా అధికారులు చూశారు, పక్కన పెట్టారు. తరవాత ఎప్పటికో నకలు చేశారు. పిడులు ఉంచారు, ఆకారం ఉంచారు, కొలత ఉంచారు. ప్రాణంలాంటి అతుకునూ మూతనూ మాత్రం మార్చేశారు! అతుకేమో మడతపెట్టి నొక్కింది, మూతేమో మరమూత. తియ్యడానికి పానా కావాలి, పోయడానికి గరాటా కావాలి. ఊరగాయ జాడీ రైల్లో తీసుకెళ్ళిన ఏ ఇల్లాలిని అడిగినా చెప్పేది కదా, పాత్రలో చూడాల్సింది ముందు మూతేనని! అడిగేవాళ్ళేరీ?

చివరికి బ్రిటిష్ వాళ్ళు శత్రువు దగ్గర దొరికిన డబ్బాలనే ఏరుకుని వాడి, వాటిని మక్కీకి మక్కీగా తయారు చేయించారు. జర్మనులకు వాళ్ళు పెట్టిన ఎగతాళి పేరు 'జెర్రీ'. ఆ పేరే డబ్బాకూ వచ్చింది - జెర్రీ క్యాన్. 1945లో యుద్ధం ముగిసేనాటికి యూరప్‌లో ఇవి సుమారు 2 కోట్లు చేరాయి.

ఇంతకీ మనకేమిటంటారా? ఇప్పటికీ మంచినీళ్ళ సీసాలో పెట్రోలు పోయించి సీటు కింద పెట్టుకునేవాళ్ళు ఉన్నారు కనక చెబుతున్నాను. పెట్రోలు గడ్డకట్టే చలిలోనూ మండే ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకి ఎక్కడో ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. మన 1934 నాటి పెట్రోలియం చట్టం సొంతానికి 30 లీటర్లవరకూ లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది. కానీ గట్టి మూతున్న పాత్ర కావాలంటుంది. లోహపు పాత్ర 25 లీటర్లు మించకూడదు, గాజుదైతే ఒక్క లీటరు. నీళ్ళ సీసా ఊసే లేదు, గమనించండి.

మంచి డబ్బా కొన్నా మెడదాకా నింపకండి. ఎండలో 20 డిగ్రీల వేడి పెరిగితే 20 లీటర్ల పెట్రోలు దాదాపు 400 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. ఆ గాలిచోటు అందుకే. నింపేటప్పుడు డబ్బాను కారులోంచి దింపి నేలమీద పెట్టాలి. లేకపోతే రాపిడికి పుట్టే విద్యుత్తు నేలలోకి పోయే దారి దొరక్క నిప్పురవ్వ పుట్టొచ్చు. పెట్రోలు పోసిన డబ్బాలో మళ్ళీ మంచినీళ్ళు పోయకండి. పిల్లలు కూర్చునేచోట అసలే వద్దు. అవకాశం రాగానే టాంకులో పోసెయ్యండి. పోశాక కూడా 'ఖాళీయే కదా' అనుకోకండి, లోపల ఆవిరి ఉంటుంది. మూత పెట్టాల్సిందే.

బంకులు దండిగా ఉన్న దారిలో అసలు డబ్బాయే అక్కర్లేదు. తప్పనిసరై తీసుకెళ్తే మాత్రం ధర అడిగేముందు మూత తీసి, పెట్టి చూడండి. కొనేది డబ్బాయే అయినా, అందులో మోసేది మనవాళ్ళ ప్రాణాలు.