ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? డబ్బా మీది స్పీడ్ కాదు.. కాగితం మీది రంధ్రాలు చూడండి

నుమాయిష్‌లో, జాతరల్లో బెలూన్లు పేల్చే తుపాకీ అందరికీ తెలిసిందే. పాతబస్తీలో దాన్ని ఛర్రా బందూక్ అంటారు. నడుం దగ్గర మడిచి, ఛర్రా పెట్టి, మూసి కాల్చే ఈ రకాన్నే బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్ అంటారు. సిలిండర్ అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. అందుకే సరదాగా నిషానా ప్రాక్టీస్ చేయాలనుకునేవాళ్లు మొదట కొనేది ఇదే. అయితే షాపులో చాలామంది అడిగే మొదటి ప్రశ్న 'స్పీడ్ ఎంత?' అని. అక్కడే పొరపాటు మొదలవుతుంది.

ఎలా పనిచేస్తుంది?

గొట్టాన్ని కిందికి వంచినప్పుడు లోపలున్న పిస్టన్ వెనక్కి వెళ్లి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూసుకొచ్చి గాలిని నొక్కుతుంది. ఆ గాలే ఛర్రాను తోస్తుంది. పిస్టన్ కదిలేటప్పుడు రైఫిల్ ముందు వెనక్కి, తర్వాత ముందుకు కుదుపునిస్తుంది. ఛర్రా ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కుదుపు జరుగుతుంది కాబట్టి, పట్టుకునే తీరు మారితే గురి కూడా మారుతుంది.

కొన్నింటిలో ఉక్కు స్ప్రింగ్‌కు బదులు గ్యాస్ స్ప్రింగ్ ఉంటుంది. దీని కుదుపు సాఫీగా ఉంటుంది, కొంతసేపు బిగించి ఉంచినా బలం తగ్గదు. కానీ గ్యాస్ కారిపోతే మొత్తం మార్చాల్సిందే. ఉక్కు స్ప్రింగ్ అరిగితే మార్చుకోవడం తేలిక.

స్పీడ్ లెక్కలో మతలబు

డబ్బా మీద 'సెకనుకు 1,000 అడుగులు' అని రాసి ఉంటుంది. అంటే దాదాపు 305 మీటర్లు. ఇది తరచుగా బాగా తేలికైన ఛర్రాతో తీసిన అంకె. 0.33 గ్రాముల ఛర్రా ఆ వేగంతో వెళ్తే వచ్చే శక్తి సుమారు 15 జౌళ్లు. మామూలుగా వాడే 0.52 గ్రాముల సీసపు ఛర్రా సెకనుకు 240 మీటర్లతో వెళ్లినా అదే 15 జౌళ్లు వస్తాయి. అంటే స్పీడ్ పెరిగింది గానీ బలం పెరగలేదు. పైగా ధ్వని వేగానికి దగ్గరగా వెళ్లే తేలికపాటి ఛర్రా గాలిలో నిలకడ తప్పుతుంది, చప్పుడూ ఎక్కువే.

లెక్క సులువే: ఛర్రా బరువును కిలోల్లోకి మార్చి, వేగం వర్గంతో గుణించి, సగం చేస్తే జౌళ్లు వస్తాయి. వేగాన్ని క్రోనోగ్రాఫ్ అనే పరికరంతో కొలుస్తారు. ఒక్క షాట్ చూస్తే చాలదు. 10 షాట్లు కొట్టి, అన్నింటికంటే ఎక్కువ, తక్కువ అంకెల మధ్య తేడా చూడాలి. తేడా ఎంత తక్కువుంటే రైఫిల్ అంత నిలకడగా ఉన్నట్టు.

కొత్త రైఫిల్‌లో ఫ్యాక్టరీ నూనె మండి పొగ, వాసన రావచ్చు. అప్పుడు స్పీడ్ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. కొన్ని వందల షాట్లు కాల్చాకే పరీక్ష మొదలుపెట్టాలి.

చట్టం ఏమంటోంది?

ఆయుధ నిబంధనలు-2016 ప్రకారం 0.177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు, 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అవసరం లేదు. అంతకు మించితే కావాలి. పైన చెప్పిన 0.52 గ్రాముల ఛర్రా సెకనుకు 280 మీటర్లతో వెళ్తే 20 జౌళ్లు దాటిపోతుంది. కాబట్టి 'స్ప్రింగ్ మార్చి పవర్ పెంచుతాం' అనే మాటలు నమ్మితే చట్టం పరిధి దాటినట్టే. బిల్లు దాచుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ఉన్నందున పిట్టల మీద సరదా కూడా కేసు దాకా తీసుకెళ్తుంది.

రెండు రైఫిళ్లను పోల్చాలంటే

దూరం, ఛర్రా, కూర్చునే పద్ధతి, కాల్చే మనిషి ఒకటే ఉండాలి. లేదంటే ఆ పోలికకు అర్థం లేదు.

గురి: 10 మీటర్ల నుంచి కాగితం మీద 10 షాట్లు కొట్టాలి. 3 షాట్లు ఒకేచోట పడటం అదృష్టం కూడా కావచ్చు. రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి 4.5 మి.మీ. తీసేయాలి. 18 మి.మీ. వస్తే గుంపు 13.5 మి.మీ. అన్నమాట. పదీ రూపాయి బిళ్ల కింద దాగితే సరదా షూటింగ్‌కు ఆ రైఫిల్ బాగున్నట్టే. తర్వాత 20 మీటర్ల నుంచి చూడాలి.

ఛర్రా: ఒకే రైఫిల్ ఒక రకంతో బాగా కొట్టి, ఇంకో రకంతో చెదరగొట్టొచ్చు. కనీసం మూడు నాలుగు రకాలు పరీక్షించాలి. 10 మీటర్లలో చదును తల ఛర్రా కాగితంపై శుభ్రమైన రంధ్రం చేస్తుంది. దూరం పెరిగితే గుండ్రటి తలది మేలు.

పట్టు: రైఫిల్‌ను బల్ల మీద గట్టిగా అదిమితే గురి చెదురుతుంది. చేతిని మెత్తటి సంచి మీద ఉంచి, తెరిచిన అరచేతిలో రైఫిల్‌ను వదులుగా ఆననివ్వాలి.

గొట్టం కీలు: మూశాక పక్కకు ఊపి చూడాలి, కదలకూడదు. కీలు దగ్గర టిష్యూ ముక్క పెట్టి, ఛర్రా వేసి కాల్చితే కాగితం ఎగిరిందంటే సీలు లీకవుతోంది.

ట్రిగ్గర్, బరువు: జర్మనీ కంపెనీ వైరౌఖ్ తయారీలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. హెచ్‌డబ్ల్యూ 30 ఎస్ సుమారు 2.5 కిలోలు, తేలిగ్గా బిగుస్తుంది, బలం తక్కువ. హెచ్‌డబ్ల్యూ 95 అంతకంటే బరువు, బలమూ ఎక్కువ. రెండింటిలోనూ రెకార్డ్ అనే మెచ్చుకోదగ్గ ట్రిగ్గరే ఉంటుంది. 10 మీటర్లలో గంటసేపు కాల్చేవాళ్లకు చేయి నొప్పెట్టని చిన్నదే సుఖం. మన దేశంలో ప్రెసిహోల్, ఎస్‌డీబీ వంటి కంపెనీల రైఫిళ్లు దొరుకుతాయి. వాటికీ ఇదే పరీక్ష.

స్కోప్: మామూలు స్కోప్ ఈ ఎదురు కుదుపుకు పాడవుతుంది. ఎయిర్‌గన్ కోసమే చేసినది, 10 మీటర్లకు ఫోకస్ అయ్యేది తీసుకోవాలి.

పోటీలకు వెళ్లాలంటే?

10 మీటర్ల పోటీ టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. ఇప్పుడు ఆ పోటీల్లో ముందే గాలి నింపిన, కుదుపు లేని రైఫిళ్లు వాడతారు. బ్రేక్ బ్యారెల్‌తో ఊపిరి, ట్రిగ్గర్ అదుపు నేర్చుకోవచ్చు. ఆసక్తి పెరిగితే కోచ్ ఉన్న రేంజ్‌కు వెళ్లడం మంచిది.

ఇవి మరవొద్దు

ఛర్రా పెట్టేటప్పుడు గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకునే ఉండాలి. జారితే ఒక్కసారిగా మూసుకుని వేళ్లు నలుగుతాయి. ఛర్రా లేకుండా కాల్చితే పిస్టన్, సీలు దెబ్బతింటాయి. టార్గెట్ వెనుక ఇసుక బస్తా లాంటి అడ్డు ఉండాలి. గోడకు, రాయికి తగిలిన ఛర్రా తిరిగొస్తుంది, అందుకే కళ్లద్దాలు తప్పనిసరి. టెర్రస్ మీద కాల్చడం అసలే వద్దు. ఛర్రాలు సీసంతో చేసినవి కాబట్టి చేతులు కడుక్కున్నాకే తినాలి. పిల్లలకు ఇది బొమ్మ కాదు. దగ్గర్నుంచి తగిలితే కన్ను పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. వాడనప్పుడు తాళం వేసి, ఛర్రాలు వేరే చోట పెట్టాలి.