ఊరి కవిలెలు – విశ్వవిద్యాలయ భాండాగారములు



నేను ముప్పదియేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను. అశోకుని శాసనములనుగూర్చి తడుముకొనక చెప్పు పిల్లలు, తమ యూరి చెరువు నెవరు కట్టించిరో చెప్పలేకుండుట పలుమారు చూచితిని. దోషము పిల్లలది కాదు. చెప్పవలసిన వ్రాతలు వారి కందుబాటులో లేవు.

మా బంగారుపాళ్యమునే చూడుడు. పాళ్యమనగా పాళెగాని యేలుబడిలోని సీమ. 1801 జూలై 31వ తేదీ ఒడంబడికచేత ఆర్కాటు నవాబు రాజ్యము కుంపిణీవారి వశమయ్యెను. చిత్తూరునకు పడమటి పాళెగాండ్రు ఆ క్రొత్త యేలుబడి నెదిరించిరి. ఈ కథ ముసలివారి నోట కొంత కలదు. వ్రాతలో చూడగోరినచో ఎచ్చటికి పోవలెను?

అప్పుడు చిత్తూరు ఉత్తరార్కాటులోనిది. మదనపల్లె, వాయల్పాడు కడపలోనివి. 1911 ఏప్రిల్ 1న ఇవి కలిసి చిత్తూరుజిల్లా యయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము మద్రాసునుండి విడివడెను. 2022లో తిరుపతి వేఱుజిల్లా యయ్యెను. గీటు మారినపుడెల్ల ఊరొకచోట, దాని కాగితమొకచోట నిలిచినవి.

ఆ కాగితములలో కైఫీయత్తులు ముఖ్యములు. కల్నల్ మెకంజీ దొర కొలువులో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు కరణముల దండకవిలెలు చూచి, పెద్దల నోటిమాట విని, ఊరూరి వృత్తాంతములు వ్రాయించిరి. మెకంజీ 1821లో మరణించెను. శిథిలమగుచున్న యా కాగితములకు బ్రౌను దొర ప్రతులు వ్రాయించెను. నేడు కడపలో యోగివేమన విశ్వవిద్యాలయమునకు చేరిన బ్రౌను కేంద్రము ఆ జిల్లా కైఫీయత్తులను అచ్చువేసినది. ప్రతి తీసినవాడే చరిత్రను బ్రతికించినవాడు.

మనకును తిరుపతిలో భాండాగారము కలదు. 1939లో దేవస్థానమువారు నెలకొల్పిన ప్రాచ్యపరిశోధనసంస్థ, 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయములో పిమ్మట చేరినది. అందు తాళపత్రములు కలవు.

ఈ కాలమున ప్రతి తీయుటకు గంటము అక్కఱలేదు. ఆకును తుడిచి, నిమ్మగడ్డినూనె రాచి, మసి పట్టించి అక్షరములు తేర్చి, ఒక్కొక్క పుటకు యంత్రముతో ఛాయ తీయుదురు. దానినే డిజిటల్ ప్రతి యందురు. మూలము చెడదు, ప్రతి ఎన్ని యూళ్లకైనను పోగలదు. చెన్నపట్టణమునందలి కాగితమును, కడప కాగితమును, తిరుపతి ఆకును ఒక్క పీటమీద చూడవచ్చును.

1937లో నాటి చిత్తూరుజిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డిగారు అమెరికాలో ఆచార్యులై, పదిలక్షల గ్రంథముల నిట్లు భద్రపఱచు పనికి పూనుకొనిరి. మనదేశమున ఆ పనినుండి వెలసిన డిజిటల్ గ్రంథాలయపు తావు కొన్నియేండ్లకు మూతపడెను. అయినను ఆ తెలుగు పుస్తకములలో వేలకొలది, వేఱొకచోట ప్రతులుండుటచేత, నేటికిని దొరకుచున్నవి. కావున ఒక్కచోట దాచుట దాచుట కాదు.

అయితే యంత్రము ఛాయను తీయును గాని అర్థమును చెప్పదు. కవిలెలోని గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు నేడెందఱు? “విభవ సంవత్సరము” అని యుండును. అరువదియేండ్లకొకమారు వచ్చు విభవలలో అది యేది? అందు చెప్పిన కుంట ఊరికి తూర్పా, పడమరా? ఇవి యెఱిగినవారు మీరే. 1984లో కరణముల పదవులు రద్దయినవి. వారి యిండ్లలోని పెట్టెలను తెఱచువారు లేరు. పాతయిల్లు కూల్చినపుడు, భోగిమంట వేసినపుడు పోయిన కట్టలు మరల రావు.

కనుక నా మనవి. పాతకట్టలను మంటకును, తూకమునకును ఈయకుడు. విశ్వవిద్యాలయమువారికి చూపి, రసీదు గొని, ప్రతి తీయించి, మూలమును మరల తెచ్చుకొనుడు. వాటితోపాటు ఊరిపేరు, ఇంటిపేరు, చెరువుల పేర్లు మీ నోట చెప్పి వ్రాయింపుడు. కాగితము చెదలకు లొంగిన పిమ్మట ప్రతి తీయుట కేమియు మిగులదు. చదువనేర్చిన పెద్దలు పోయిన పిమ్మట ప్రతి యుండియు పలుకదు. రెండును నేడు మనయొద్ద నున్నవి.